తోటలో బాణం గుర్తులు

ఆ రోజు పొద్దున్న సుష్మ వేసుకున్న పథకం చిన్నదే. సాయంత్రం నాలుగింటికల్లా బంగినపల్లి కాయంతా హనుమాన్ జంక్షన్‌లో ఆగి ఉన్న లారీకి చేరాలి. ఆగిరిపల్లి దగ్గర తోట కౌలుకు తీసుకున్న మామగారు గోపాలకృష్ణ, ఆ ఒక్కరోజూ పెత్తనం కోడలికి అప్పగించారు.

"కాయ మిగిలిందా, రేపట్నుంచి నువ్వు తోట వైపు రావద్దమ్మాయ్," అని చెప్పి నూజివీడు వెళ్లారు.

సుష్మ ఏదో ట్రైనింగులో పనిని బొమ్మగా గీయడం నేర్చుకుంది. షెడ్డులో తెల్లబోర్డు తగిలించి, చెట్టు పెరిగినట్టు కింది నుంచి పైకి మూడు గడులు గీసింది. అడుగున కోత, సవరమ్మ. దానిమీద గ్రేడింగు, వినీల. అన్నిటికంటే పైన ట్రక్కు, డ్రైవరు చార్లెస్. గడికీ గడికీ మధ్య పైకి చూపే బాణాలు. చార్లెస్ గడి నుంచి మాత్రం ఒక బాణం బోర్డు అంచుదాకా పోయింది. అది కాయ జంక్షనుకు వెళ్లే దారి.

సవరమ్మ బోర్డు ముందు చాలాసేపు నిలబడి, కాయలు కోసే చిక్కం కర్రను గోడకు ఆనించింది.

"నా కోడలి కింద పెట్టావా తల్లీ నన్ను?"

"కిందంటే అది కాదండీ. ముందు మీరు కోస్తేనే కదా, వినీల ఏరేది."

"ఇంట్లో ఎట్టాగూ దాని మాటే చెల్లుద్ది. తోటలో బోర్డు కూడానా?"

ఆమె వెళ్లి నీడన కూర్చుంది. కోత మనుషులంతా ఆమె వెనకే కూర్చున్నారు. కాయల దగ్గర నుంచి వినీల కూడా లేచొచ్చింది.

"అత్తయ్య కిందుంటే నేను పైన ఎట్టా ఉంటానండీ? సాయంత్రం ఆ ఇంటికెళ్లాల్సింది నేను."

అప్పటికే చార్లెస్ ట్రక్కులోంచి తన టిఫిన్ డబ్బా, దుప్పటి తీసి సంచిలో సర్దుకుంటున్నాడు.

"నువ్వెక్కడికి?" అంది సుష్మ.

"బాణం బయటికి చూపిస్తోందిగా మేడం. పన్లోంచి తీసేస్తే నోటితో చెప్పొచ్చు. బొమ్మేసి చెప్పాలా?"

సుష్మ వివరించింది. వివరించిన కొద్దీ వాళ్ల అనుమానం బలపడింది. పదకొండు దాటాక ఆమె గుడ్డ తీసుకుని గడులన్నీ చెరిపి, తలకిందులుగా గీసింది. పైన సవరమ్మ, ఆమె కోత. నడుమ వినీల. అడుగున చార్లెస్. అతని బాణం బోర్డు అంచు నుంచి లోపలికి. మిగతా బాణాలు ఎప్పటిలాగే పైకి.

"కిందున్నా ఫర్వాలేదండి, లోపలుంటే చాలు," అన్నాడు చార్లెస్.

సవరమ్మ చిక్కం అందుకుంది. "లేవండే, కూర్చుంటే కాయ దానంతటదే దిగుద్దా?" అని మనుషులను కదిలించింది. బోర్డు వైపు చూసినప్పుడల్లా ఆమె జోరు పెరిగింది. మూడింటికి ఆఖరి ట్రే ట్రక్కెక్కింది.

అప్పుడే గోపాలకృష్ణ వచ్చారు. ఖాళీ షెడ్డు చూశారు, నిండిన ట్రక్కు చూశారు. తర్వాత బోర్డు మీద వేలు పెట్టి బాణాల వెంట పైదాకా వెళ్లారు.

"అమ్మాయ్, ఇందులో కాయ జంక్షన్ నుంచి వచ్చి, ట్రక్కు దిగి, గ్రేడింగయ్యి, చెట్టుకి అతుక్కుంటోందే."

"అవునండి మావయ్యా."

"ఎవరూ అడగలేదా?"

"కాయ సంగతి ఎవరూ చూడలేదండి."

ఆయన బోర్డు మీంచి వేలు తీశారు. "రేపు కూడా నువ్వే చూసుకో. బోర్డు మాత్రం ముట్టుకోకు."

లారీ నాలుగింటికి కదిలింది. బోర్డు ప్రకారం కాయంతా అప్పటికే చెట్టెక్కింది.