ఇంటికో నీరసపు పగడం

పెళ్ళయిన ఆడవాళ్ళందరికీ నా సలహా ఒక్కటే. ఇంట్లో ఒక జబ్బుపడ్డ పగడాన్ని పెంచండి! మెళ్ళో వేసుకునేది కాదు, ఉప్పునీళ్ళ అక్వేరియంలో ప్రాణంతో ఉండేది. అది ఎంత నీరసంగా ఉంటే ఇల్లు అంత ప్రశాంతంగా ఉంటుంది.

నమ్మరా? మావారి సంగతి వినండి. ఆయనకు దేన్నీ ఉన్నచోట ఉండనిచ్చే అలవాటు లేదు. నేను మడిచిన దుప్పటిని మళ్ళీ మడుస్తారు. పగడం రాకముందు ఆయన దృష్టంతా మా అమ్మాయి మీదే. అది కూర్చుంటే "నడుం నిటారుగా పెట్టు", బొమ్మ గీస్తే "ఆ చెట్టేంటమ్మా, పక్కకి ఒరిగింది?", కూనిరాగం తీస్తే "శ్రుతి తప్పింది". పాపం, ప్రేమే! కానీ పిల్ల గది తలుపు మూసుకోవడం నేర్చుకుంది.

అలాంటి మనిషికి పని కల్పించిన పుణ్యం పగడానిది. తెచ్చిన కొత్తలో పువ్వులా విచ్చుకున్నది కాస్తా రంగు వెలిసి ముడుచుకుంది. ఇంకేం! మావారు డాక్టరైపోయారు. పొద్దున్నే గాజుగొట్టంలో నీళ్ళు పట్టి, మందు చుక్కలు వేసి, రంగు చూసి నిట్టూరుస్తారు. ఉప్పు ఎక్కువైందని మంచినీళ్ళు పోస్తారు. సాయంత్రానికి తక్కువైందని ఉప్పు కలుపుతారు. లైటు ఎక్కువైందేమోనని తగ్గిస్తారు, చాల్లేదేమోనని పెంచుతారు. క్యాల్షియం పోస్తారు. చెయ్యి పడ్డప్పుడల్లా పగడం ఇంకాస్త ముడుచుకుంటుంది. ఇంత సేవ ఏ ఆసుపత్రిలో దొరుకుతుంది చెప్పండి?

ఈమధ్య ఆయన ఆఫీసు పనిమీద ఓ వారం ఊరెళ్ళారు. వెళ్తూ టెస్టులన్నీ నాకు అప్పజెప్పారు. నాకంత ఓపిక ఎక్కడిది? ఆవిరైన మేరకు అక్వేరియం మీది గీతదాకా మంచినీళ్ళు పోసి ఊరుకున్నాను. ఘోరం జరిగిపోయింది! పగడం నిండుగా విచ్చుకుని కూర్చుంది. అమ్మాయి కూడా గది తలుపు తీసి, హాల్లో బోర్లా పడుకుని, ఒరిగిన చెట్లన్నీ గీసుకుంటూ పాడుకుంది.

తిరిగొచ్చిన మావారు అక్వేరియం చూసి పొంగిపోయారు.

"చూశావా? నేను వెళ్ళేముందు పోసిన క్యాల్షియం ఇప్పుడు పనిచేసింది!"

పగడానికి నయమైంది. అంటే, ఆయన చేతులు ఖాళీ అయ్యాయి. అమ్మాయి వైపు తిరిగారు.

"ఏంటమ్మా ఆ పడుకోవడం? చెట్టు మళ్ళీ ఒరిగింది. ఇలా ఇవ్వు, నేను సరిచేస్తా."

పాట ఆగిపోయింది. అమ్మాయి కాగితాన్ని గుండెలకు హత్తుకుంది.

"ఏవండీ, ఆ పగడం ఓ పక్క కాస్త పాలిపోయినట్టు లేదూ?" అన్నాను.

"ఎక్కడ? ఎక్కడ?" అంటూ ఆయన గాజుగొట్టం కోసం పరుగెత్తారు.

"అమ్మా, దానికేం కాలేదు కదా?" అంది అమ్మాయి గుసగుసగా.

"ఇంకా కాలేదు," అన్నాను.

పిల్ల మళ్ళీ పెన్సిల్ అందుకుంది. మావారి చెయ్యి మోచేతిదాకా నీళ్ళలోకి దిగింది. పగడం నా కళ్ళముందే ముడుచుకుంది. దానికి నా క్షమాపణలు. పాపం, దానికి నోరు లేదు. ఉండి ఉంటే, నోరున్న నేను ఇన్నేళ్ళుగా అనలేకపోయిన మాటే అనేది: "కాసేపు చెయ్యి తియ్యండి, మహానుభావా!"