మందులో నీళ్లు

పది గంటలకు ఆరోగ్య శాఖ ఇన్‌స్పెక్టరు వస్తాడు. ఆయన సంతకం పెట్టకపోతే పద్దెనిమిది ఉయ్యాలలున్న ఆ శిశు సంరక్షణ కేంద్రం మర్నాటి నుంచి తెరుచుకోదు. నిర్వాహకురాలు రాత్రంతా కన్ను మూయలేదు. గుమ్మం వద్ద చేతులకు రాసుకునే శానిటైజరే ఆమె మొదటి దిగులు. అంగట్లో దొరికే సీసాలపై డెబ్బై శాతం ఆల్కహాలు అని ఉంటుంది. డెబ్బైకే క్రిములు చస్తే, నూటికి దగ్గరగా ఉన్న స్పిరిటుతో వాటి వంశమే మిగలదని ఆమె తర్కించింది. ఈ విషయమై క్రిములను ఎవరూ సంప్రదించలేదు.

స్పిరిటు డబ్బాను ఆయాకు అప్పగించి, "నాలుగు సీసాల్లో మందు పోసి గుమ్మం దగ్గర పెట్టు" అని చెప్పి, దుప్పట్లు సర్దడానికి వెళ్లింది. ఔషధాన్నీ సారానూ ఒకే మాటతో పిలిచే భాషలో ఆజ్ఞలిచ్చేవారు కాస్త వివరంగా మాట్లాడవలసింది.

తొమ్మిదిన్నరకు తిరిగి వచ్చి చూస్తే డబ్బాలో ఉండవలసిన దానికంటే ఎక్కువ మిగిలి ఉంది.

"ఇంత మిగిలిందేం?"

"ముప్పాతిక మందు, పాతిక నీళ్లు అమ్మగారూ. ఆమాత్రం తెలీదా నాకు!"

నిర్వాహకురాలి లెక్కలో నీళ్లంటే కల్తీ, కల్తీ అంటే తలుపుకు తాళం.

"మందులో నీళ్లు కలుపుతావా? నా కొంప ముంచావు కదే!"

అదే క్షణాన గుమ్మంలో ఒక తండ్రి కొడుకును చంకనెత్తుకుని నిలబడి ఉన్నాడు. ఆ మాటను, గది నిండా ఉన్న వాసనను ఆయన కలిపి చూసుకున్నాడు.

"నీళ్లు కూడా లేకుండానా మేడమ్? పొద్దున్నే?"

"అయ్యో, అది చేతులకండీ!"

"తలకెక్కడం విన్నాను గానీ, చేతులకెక్కడం ఇదే వినడం!" అంటూ ఆయన పిల్లవాడితో సహా వెనుదిరిగాడు. వీధి మలుపులో ఇన్‌స్పెక్టరే ఎదురయ్యాడు.

ఇక్కడ నిర్వాహకురాలు సీసాలన్నీ పారబోయమని ఆయాను తరిమి, వేరే సీసాల్లో అసలు స్పిరిటు పోయసాగింది. తొందరలో సగం ఒంటి మీదే ఒలికింది. తలెత్తేసరికి ఇన్‌స్పెక్టరు, ఆయన వెనుక ఆ తండ్రి.

ఇన్‌స్పెక్టరు గాలి పీల్చాడు. "అమ్మా, మీరు..."

"చుక్క నీళ్లు కలపలేదు సార్! ఒట్టు! అంతా అసలు సరుకే!"

"నేను చెప్పలా?" అన్నాడు తండ్రి.

ఇన్‌స్పెక్టరు ఆల్కహాలు కొలిచే గాజు గొట్టాన్ని ముంచాడు. తొంభై ఎనిమిది. కలం జేబులోనే ఉండిపోయింది.

"ఇది పనికిరాదమ్మా. నీళ్లు లేకపోతే క్రిమి పైపొర గట్టిపడిపోయి మందుని లోపలికి దిగనివ్వదు. పైగా చెయ్యి తడిసీ తడవకముందే ఆవిరైపోతుంది. అరవై నుంచి ఎనభై లోపుంటేనే పని. మురికి చేతులకైతే అదీ చాలదు, సబ్బే గతి."

"ఇప్పుడే కలిపేస్తాను సార్!"

"ఉన్నదే రాస్తానమ్మా, ఉండబోయేది కాదు."

ఆమెకు పద్దెనిమిది ఉయ్యాలలూ ఒక్కసారిగా ఖాళీ అయినట్లు కనిపించాయి. అంతలో ఆయా వెనుక గది నుంచి ఒక సీసా పట్టుకొచ్చింది.

"పారబొయ్యడానికి మనసొప్పక ఒకటి దాచా సార్. తిట్టకండి."

గొట్టం డెబ్బై నాలుగు చూపింది.

"ఈ పాళ్లు ఎవరు నేర్పారు నీకు?"

"మా ఆయనండి. ఉత్త మందు ముట్టడు. ఎంత ఘాటు సరుకైనా నీళ్లు పడందే పని చెయ్యదంటాడు."

కలం బయటికి వచ్చింది. తండ్రి ఆ మందుతో చేతులు తుడుచుకుని పిల్లవాడిని ఆయాకు అందించాడు. కేంద్రం అనుమతి దరఖాస్తులో 'సాంకేతిక సలహాదారు' అన్న గడి ఖాళీగా ఉండకూడదట; ఇన్‌స్పెక్టరు అందులో ఆయా భర్త పేరు రాయించాడు. సమ్మతి కోసం ఇంటికి ఫోను చేస్తే, సలహాదారుగారు ఇంకా నిద్ర లేవలేదని జవాబు వచ్చింది.