టాలివర్ల విందుకు పిలవని కాపలా

నల్లవాడిగా పుట్టడంలో ఉన్న సుఖం మరెందులోనూ లేదని నేను ఘంటాపథంగా చెప్పగలను. నమ్మకపోతే అమెరికాలో మా జార్జియాకు వచ్చి నాతో ఒక్క పూట తిరిగి చూడండి!

లోకంలో రాజులకూ మంత్రులకూ మాత్రమే అంగరక్షకులుంటారు. వాళ్ళకైనా జీతాలివ్వాలి. నేను సబ్బుబిళ్ళ కోసం షాపులో అడుగుపెడితే చాలు, సెక్యూరిటీ గార్డు నా వెనకే బయల్దేరతాడు. షాంపూల దగ్గర ఆగితే ఆగుతాడు, టూత్‌పేస్టు వైపు తిరిగితే తిరుగుతాడు. పెళ్ళయిన కొత్తలో మా ఆవిడ కూడా నా వెంట ఇంత శ్రద్ధగా తిరగలేదు!

గుమ్మడికాయల దొంగ ఎవరంటే కొందరు భుజాలు తడుముకుంటారట. మాకా శ్రమ కూడా లేదు. వాళ్ళే వచ్చి తడిమిపెడతారు.

ఇక క్రమశిక్షణ సంగతి. పోలీసు ఆపితే చేతులు ఎక్కడ, ఎలా పెట్టాలో మా పిల్లలకు సైకిలు తొక్కడం కన్నా ముందే వస్తుంది. ఏ కాన్వెంటులో నేర్పుతారండీ ఇలాంటి చదువు?

ఇన్ని సుఖాలున్నా నా మేనల్లుడు జెరెల్‌కు తృప్తి లేదు. కాలేజీ కుర్రాడు కదా, ఊరేగింపులంటాడు, న్యాయమంటాడు. మొన్న వసంతంలో బ్యానరు ఒకటి తెచ్చి, "రెండో కర్ర నువ్వు పట్టుకో మామా" అన్నాడు. నాకు మోకాళ్ళ నొప్పులని తప్పించుకున్నాను. "మనం నోరెత్తకపోతే ఇది ఆగదు మామా" అన్నాడు. "ఆగితే నష్టం మనకేరా పిచ్చోడా!" అన్నాను.

ఈ వేసవిలో వాడికి కనువిప్పు కలిగే అవకాశం వచ్చింది.

ఏటా మా టాలివర్ వంశం వాళ్ళమంతా మేకన్ ఊరి చివర చెరువు పక్క పార్కులో కలుస్తాం. అందరం ఒకే రంగు టీషర్టు వేసుకోవడం మా ఆచారం. ఈ ఏడు ముదురు నీలం. రంగు ఎంచింది మా వర్నెల్ పెద్దమ్మ. ఆవిడకు రెండు కళ్ళలోనూ శుక్లాలు. ఆపరేషన్ అంటే వచ్చే ఏడు చూద్దామంటుంది. ముదురు నీలమైతే దూరం నుంచి కూడా మనవాళ్ళని పోల్చుకోవచ్చునని ఆవిడ లెక్క.

తన కారు డిక్కీలోంచి బంగాళాదుంప సలాడ్ గిన్నె తెమ్మని పెద్దమ్మ జెరెల్‌ను పంపింది. వాడు డిక్కీలో తల దూర్చాడు. అటుగా కుక్కను తిప్పుకుంటూ పోతున్న ఒక తెల్ల మహాతల్లి చూసింది. నీలం చొక్కాల ముఠా కార్లు దోస్తోందని పోలీసులకు ఫోను కొట్టింది. తాటిచెట్టు కింద పాలు తాగితే కల్లంటారు. మేం ఏ చెట్టు కింద తాగినా కల్లే!

మా పేటలో ఇల్లంటుకున్న రోజున ఫైరింజను దారి తప్పింది. డిక్కీ తెరిచిన పాపానికి మాత్రం పోలీసులు మా గ్రిల్లులో బొగ్గు రాజుకునేలోపే దిగారు. ఇంత సేవ ఇంకెవరికి దక్కుతుంది?

ఇద్దరొచ్చారు. ఒకతను తుపాకీ మీద చెయ్యేసి జెరెల్ ముందు నిలబడ్డాడు.

"గిన్నె కింద పెడుతున్నా సార్. మెల్లగా పెడుతున్నా. సలాడ్ సార్ ఇది, సలాడ్!" వాడి మాటలు మా దాకా వినపడ్డాయి.

వాళ్ళమ్మ, అంటే మా చెల్లెలు బెర్నిటా, నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. నిజం చెప్పొద్దూ, ఆ కాసేపూ నాకు సుఖాలేవీ గుర్తుకు రాలేదు. పిల్లాడు ప్రాణాలతో మా దగ్గరికి నడిచొస్తే చాలనిపించింది.

రెండోవాడు మావైపు వచ్చాడు. బొద్దుగా ఉన్న తెల్ల పోలీసు, వేసుకున్నది ముదురు నీలం యూనిఫారం. కుర్చీలో ఉన్న పెద్దమ్మకు ఆ నీలం ఒక్కటే కనిపించింది.

"ఇదా రావడం? ఎవరి పిల్లాడివిరా నువ్వు? మా లుసిండా మనవడివేనా?"

"అమ్మా, నేను..."

"ఆ భుజాలు లుసిండావేలే. ఉత్త చేతులూపుకుంటూ వచ్చావా? ఏదో ఒకటి వండుకు రావాలని చెప్పలేదూ మీ ఇంట్లో? సర్లే, కూచో. ముందు తిను."

కాల్చిన పంది పక్కటెముకలూ, ఆకుకూరా నింపిన ప్లేటు అతని చేతిలో పెట్టింది. పెద్దమ్మ ప్లేటు వద్దన్న మగాడు మా వంశంలో లేడు. అతనూ అనలేకపోయాడు. ఒక ముక్క కొరికాడు కూడా.

"ఆ జెరెల్‌గాణ్ణి పిలువు. సలాడ్ తెమ్మంటే అక్కడే కాపురం పెట్టాడు."

"అమ్మా, ఆ అబ్బాయిని మావాడు ఆపాడు. నేను పోలీసుని."

పెద్దమ్మ చెయ్యి చాచి అతని బ్యాడ్జీ తడిమింది. ముఖంలో నవ్వు పోయింది.

"పోలీసువైతే ఏం, తిను. తింటూ చెప్పు నాయనా. నా కారు డిక్కీ నా మనవడు తెరిస్తే నేరమేంటి?"

అతను నమిలాడు. తర్వాత ప్లేటు బల్ల మీద పెట్టి, వెళ్ళి జెరెల్‌ను వదిలిపెట్టించాడు. జవాబూ లేదు, పొరపాటైందన్న మాటా లేదు.

సాయంత్రం గ్రూప్ ఫోటో. "టాలివర్!" అని అరుస్తూ అందరం చేతులెత్తడం మా అలవాటు. ఫోటోలో అందరి చేతులూ గాల్లో ఊగుతున్నాయి, కొందరి చేతుల్లో పేకముక్కలు, ఒకడి చేతిలో ఎముక. జెరెల్ చేతులు మాత్రం భుజాల దగ్గరే ఆగిపోయాయి. అరచేతులు తెరిచి, వేళ్ళు విడదీసి. అలా పెట్టానని వాడికే తెలియదు.

అందుకే ఒక నిర్ణయానికి వచ్చాను. ఇంత భాగ్యం మేమే అనుభవించడం స్వార్థం! కుక్కను తిప్పే ఆ మహాతల్లికీ కొడుకులుంటారు. ఒక్క వేసవి ఈ భాగ్యం వాళ్ళకిచ్చేస్తాం. తర్వాత వాళ్ళింటి ఫోటో చూపించమనండి. పిల్లల చేతులు పూర్తిగా పైకి లేస్తే నేను నోరు మూసుకుంటాను.

అందాకా మూసుకోను. శనివారం ఊరేగింపులో బ్యానరు రెండో కర్ర నాదే. మోకాళ్ళ నొప్పి అలాగే ఉంది. పెద్దమ్మ కూడా కుర్చీ పట్టుకుని బయల్దేరింది.

"ఈ ఎండలో నువ్వెందుకు పెద్దమ్మా?" అన్నాను.

"ఆ అబ్బాయి తిని వెళ్ళాడే గానీ జవాబు చెప్పలేదురా. పద, మళ్ళీ అడుగుదాం."