బ్రేకుకు దీపం నూనె

గవర్రాజు ఆ ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది. జీపు కడగాలి, అమ్మ చేత బొట్టు పెట్టించాలి, పదింటికల్లా ఉక్కు కర్మాగారం కట్టేచోట ఇంజనీరు అర్జునరావు ముందు నిలబెట్టాలి. అక్కడి కొండదారిలో బండి నచ్చితే అద్దెకు పెట్టుకుంటానన్నాడాయన. పోర్టులో నిక్షేపంలాంటి కళాసీ పని వదిలేసి మిలిటరీ వేలంలో ఈ పాత జీపు కొన్నప్పటినుంచి గోపాలపట్నంలో గవర్రాజును చూసి నవ్వనివాడు లేడు. ఇవాళ బండి కుదరకపోతే మళ్ళీ పోర్టు గేటు దగ్గర చేతులు కట్టుకుని నిలబడాల్సిందే.

కొండలూ గుట్టలూ ఎక్కుతుందని జీపుకు పేరు. ఎక్కడం సంగతి సరే, ఆగడమే రాలేదు. బ్రేకు తొక్కితే పెడలు నేలకంటుకుపోయింది. హ్యాండ్ బ్రేకు మిలిటరీలో ఉండగానే ఊడిపోయింది.

"నూనె గొట్టాల్లో గాలి సేరిపోనాది బావా," అన్నాడు చెల్లెలి మొగుడు త్రినాథరావు. లారీ మీద క్లీనరుగా తిరిగినవాడు కనక అతనికి తెలియంది లేదు. "ఒకలు పెడలు తొక్కాల. ఇంకొకలు సక్రం కాడ మర ఇప్పాల. గాలంతా బుస్సుమని ఎల్లిపోద్ది."

తొక్కడానికి తల్లి దేముడమ్మ ఎక్కి కూర్చుంది. ఆవిడ అప్పటికే స్టీరింగుకూ, అద్దానికీ, ఆఖరికి బ్రేకు పెడలుకూ పసుపు రాసి కుంకుమ పెట్టేసింది. బొట్టు పెట్టినదాన్ని కాలితో తొక్కడం ఎలా? అందుకని తొక్కిన ప్రతిసారీ కాలు తీసి, వంగి పెడలును తాకి కళ్ళకద్దుకోసాగింది. బయటికి పోయిన గాలి బుద్ధిగా మళ్ళీ లోపలికి వచ్చి చేరుతోంది.

"అత్తా! నాను మర బిగించీదాకా కాలు తియ్యకే!"

"నీకేటి, సెప్తావు. కళ్ళు పోయేది నాకు కాదేటి?"

ఇలా కాసేపు జరిగేసరికి ఉన్న బ్రేకు ఆయిలంతా త్రినాథరావు చొక్కా మీదికి చేరింది. కొత్త డబ్బా కోసం అతను సైకిలెక్కాడు. గవర్రాజు స్నానానికి వెళ్ళాడు. దేముడమ్మ ఆయిలు పోసే గిన్నెలోకి తొంగి చూసింది. లోపల చుక్క లేదు. శుభమా అని బండి బయల్దేరుతుంటే ఖాళీ గిన్నె ఏమిటని ఆవిడ ప్రాణం ఉసూరుమంది. దేవుడి గదిలో దీపం కోసం ఉంచిన నువ్వుల నూనె తెచ్చి, సింహాద్రి అప్పన్నను తలుచుకుని నిండా పోసి మూత పెట్టేసింది.

షాపు తెరవలేదని త్రినాథరావు ఉత్త చేతులతో వచ్చాడు. మూత తీసి చూస్తే గిన్నె నిండుగా ఉంది. బావ దగ్గర ఇంకో డబ్బా ఉందన్నమాట అనుకున్నాడు. తల తుడుచుకుంటూ వచ్చిన గవర్రాజు, త్రినాథరావు తెచ్చి పోసేశాడనుకున్నాడు. ఒకరినొకరు అడిగిన పాపాన పోలేదు. ఈసారి గవర్రాజే తొక్కాడు. గాలి పోయింది, పెడలు రాయిలా నిలబడింది. ముగ్గురూ సంబరంగా బయల్దేరారు.

దారిలో ఆ నూనెకు లోపలి రబ్బరు వాషర్లు మూకుట్లో గారెల్లా ఉబ్బి, చక్రాలను బిగబట్టేస్తున్న సంగతి ఎవరికీ తెలియదు. బండి కాస్త బరువుగా లాగుతోందనిపించినా, అమ్మ కూర్చుంది కదా అనుకున్నాడు గవర్రాజు.

సైటులో కొండవాలు కింద కంపెనీకున్న ఒకే ఒక్క జీపు నిలిపి ఉంది. దాని వెనకే సున్నం గుంట. అర్జునరావు వచ్చి గవర్రాజు పక్కన కూర్చుని, సగం వాలు ఎక్కాక ఆపమన్నాడు. బండి ఠక్కున ఆగింది.

"బ్రేకంటే ఇదయ్యా! అంగుళం జారలేదు. ఇక పోనియ్యి."

బండి కదల్లేదు.

"బ్రేకు మీంచి కాలు తియ్యవయ్యా!"

"తీసి శానాసేపయ్యిందండీ," అన్నాడు గవర్రాజు ఏడుపు గొంతుతో.

"కదల్దు బాబూ," అంది దేముడమ్మ వెనకనుంచి గర్వంగా. "అప్పన్న దీపం నూనె పోసినాను."

గవర్రాజుకు కళ్ళముందు పోర్టు గేటు కనిపించింది. అమ్మను ఏమీ అనలేడు, అనకుండా ఉండలేడు. అందరూ దిగారు. త్రినాథరావు మాత్రం ధైర్యం కోల్పోలేదు. "మర ఒదులు సేస్తే నూనె ఎల్లిపోయి సక్రాలు ఇడిపోతాయి బావా," అంటూ చక్రం దగ్గర చతికిలబడ్డాడు.

"సక్రాల ఎనక అడ్డెట్టినారా?" అని కేకేశాడు గవర్రాజు.

"ఎప్పుడో ఎట్టీసినాను నాయనా," అంది దేముడమ్మ.

త్రినాథరావు మర విప్పాడు. నూనె అతని మొహాన చిమ్మింది. జీపు ఒళ్ళు విరుచుకుని వెనక్కి కదిలింది. అప్పుడు చూశాడు గవర్రాజు, తల్లి పెట్టిన అడ్డు రెండు నిమ్మకాయలని. అవి చితికాయి. జీపు వాలంతా జారి, కింద నిలిపి ఉన్న కంపెనీ జీపును ఢీకొని అక్కడే ఆగిపోయింది. కంపెనీ జీపు మాత్రం ఆగకుండా వెళ్ళి సున్నం గుంటలో మునిగింది.

తన బతుకు కూడా ఆ సున్నంలో కలిసిందనే అనుకున్నాడు గవర్రాజు.

"బ్రేకు బాగుచేయించుకుని రేప్పొద్దున్నే బండి తీసుకురా," అన్నాడు అర్జునరావు చివరికి, గుంటకేసి చూస్తూ.

"అద్దెకేనాండీ?"

"మరి నన్ను నడవమంటావా? మాకింకో బండేదీ?"

గవర్రాజు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దేముడమ్మ చితికిన నిమ్మతొక్కలు ఏరి దూరంగా విసిరేసి, చేతులు దులుపుకుంది.

"సూసినావేటి? మన బండి దిష్టంతా ఆ బండికి పోనాది."