మా రైల్వే గేటు మహాత్మ్యం

రైల్వే గేటు పడటం కన్నా మనిషికి మేలు చేసేది మరొకటి లేదని నేను ఘంటాపథంగా చెబుతున్నాను. ఫ్లైఓవర్ కావాలనేవాళ్లకు బుద్ధి లేదు!

రాయచూరులో మా బజారుకూ ఆసుపత్రికీ మధ్య ఉన్న గేటునే తీసుకోండి. అక్కడ పెళ్లి సంబంధాలు కుదిరాయి, పత్తి బేరాలు తెగాయి. మిర్చిబజ్జీల మారుతి ఆ గేటు పుణ్యమా అని ఇల్లు కట్టాడు. బండి పక్కకు వాల్చి, నడుం వంచి గేటు కింద దూరే విద్యను ఏ యోగా మాస్టారు నేర్పగలడు?

ఇక రెండు పక్కలా జనం రోడ్డంతా నిండి ఎదురెదురుగా నిలబడతారు. గేటు లేచాక కూడా ఎవరూ కదల్లేరు. ఈలోగా ఇంకో రైలు వస్తుంది.

కాస్త చరిత్ర కూడా వినండి. పూర్వం విదేశాల్లో కొన్నిచోట్ల గేటు పట్టాలకే అడ్డంగా ఉండేదట. రైలొస్తేనే తీసేవారట. ఎంత అనాగరికం! తర్వాత ఎర్రజెండా, లాంతరు, గంట వచ్చాయి, ఇప్పుడు సైరన్. పైగా గేటుకూ సిగ్నల్‌కూ లంకె పెట్టారు.

ఆ లంకె సంగతి మా వీధి కిరాణా కొట్టు గురవయ్యకు పోయినేడు తెలిసింది. పక్షవాతం వచ్చి ఆటోలో పడి ఉన్నాడు. ఆయన భార్య వెంకటసుబ్బమ్మ గేట్‌మన్ బసవప్ప దగ్గరికి పరుగెత్తింది.

"అన్నా, జర గేటు లేపు. మా ఇంటాయన మూతి వంకరవోయింది."

"సిగ్నల్ ఇచ్చేసిన తాయీ. రైలు పోయేదాంక నేను లేపినా లేవది."

బసవప్ప అబద్ధం చెప్పలేదు. రైలు పోయింది, ఆ వెనకే గూడ్సు కూడా పోయింది. గురవయ్య బతికాడు గానీ, పొట్లాలు కట్టే కుడిచెయ్యి పడిపోయింది. ఇంకాస్త ముందు తీసుకొచ్చి ఉంటే బాగుండేదన్నాడు డాక్టరు.

మొన్న ఫ్లైఓవర్‌కు శంకుస్థాపన చేయడానికి ఒక పెద్దాయన వచ్చారు. రైలును దూరంగా సిగ్నల్ దగ్గరే ఆపారు. గేటు తెరిచే ఉంది, కార్లు వరసగా దాటాయి. ఆ అనాగరిక కాలం ఒక్క పూట తిరిగొచ్చింది.

జనంలో నిలబడి చూస్తున్న వెంకటసుబ్బమ్మ బసవప్పను అడిగింది.

"ఇయ్యాల రైలును ఆపిండ్రు గద అన్నా. ఆ దినం ఎందుకు ఆపలే?"

"ముందే పైనుంచి ఫోన్ వచ్చింది తాయీ."

"మూతి వంకరవోయేటోళ్లు గిట్ల ముందే ఫోన్ చేయాల్నా ఏంది?"

బసవప్ప వెనక వస్తున్న కారుకు చెయ్యి ఊపాడు. నాకు మాత్రం ఆ మాట సబబుగా తోచింది. కనుక పాఠకులకు ఇదే నా మనవి. పక్షవాతం తెచ్చుకోదలచినవారు ముందురోజే పైకి ఫోన్ చేయించండి. ఆ నంబరు నా దగ్గర లేదు, వెంకటసుబ్బమ్మ దగ్గరా లేదు.