విమానానికి ఎవరి పేరు?

ఆ ఉదయం చైతన్యకృష్ణ పెట్టుకున్న పని చాలా చిన్నది. కూలీలు మిరప చేలో దిగేలోపు, కంప్యూటర్‌లో తను నడుపుకునే ఆట విమానానికి కొత్త రంగు వేయాలి. నెట్‌లో దొరికే రంగులన్నీ తెలుపూ నీలమే, ఉప్పూకారం లేని కూరలే. అందుకని ఒళ్లంతా పండుమిరప ఎరుపు, తోకకు తొడిమ పచ్చ తనే గీసి ఆటలోకి ఎక్కించాడు. రన్‌వే మీద నిగనిగలాడుతున్న విమానాన్ని చూసి మురిసిపోయాడు.

టీ తెచ్చిన భార్య శ్రీరమ్య మొహం చిట్లించింది.

"పేరేదండీ? మన ట్రాక్టర్ ట్రక్కు మీద కూడా పిల్లల పేర్లు రాయించాం. పేరు లేని బండి ఎవరిదనుకుంటారు?"

దీనికి ఎదురు చెప్పగల మగాడు మా వైపు ఇంకా పుట్టలేదు. ఎడమ వైపు 'శ్రీరమ్య' అని రాశాడు. తల్లి గుర్తొచ్చి గుండె ఝల్లుమని, కుడి వైపు 'సుబ్బరావమ్మ' అని రాశాడు. ఇద్దరికీ న్యాయం చేశానన్న తృప్తితో స్నానానికి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి శ్రీరమ్య ఎడమ వైపు ఫొటో తీసి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టేసింది.

సింగరాయకొండలో ఉన్న ఆడపడుచు అది చూసి తల్లికి ఫోన్ చేసింది.

"అమ్మా, అన్నయ్య విమానానికి వదిన పేరు పెట్టాడు. నీ పేరు కనీసం సైకిల్‌కైనా రాయించాడా?"

అది ఆట విమానమని సుబ్బరావమ్మకు తెలుసు. విమానం ఆటదైతే మాత్రం అవమానం ఆటదవుతుందా? సంచీ సర్దుకుంది.

"ఒరేయ్, మీ చెల్లి దగ్గరికి పోతున్నా. విమానాలున్నోళ్లకి నాతో పనేంటి?"

చైతన్య పైప్రాణాలు పైనే పోయాయి. కూలీలు వచ్చేది ఆవిడ మాట మీదే. చేనంతా ఎర్రగా పండి ఉంది, ఆకాశం చూస్తే మబ్బు పట్టింది. ఇవాళ కోత పడకపోతే వానకు కాయలు రంగు చెడి, ఏడాది కష్టం తాలు కాయల పాలు.

"అమ్మా, కుడి వైపు నీ పేరే ఉందే! వచ్చి చూడు."

సుబ్బరావమ్మ చూసింది. "టీవీలో చూశాలేరా, జనమంతా ఎడమ వైపు నుంచే ఎక్కుతారు. ఎవరికీ కనపడని వైపు రాశావన్నమాట!"

"అత్తయ్య పేరు కూడా రాశారా? నాకు చెప్పలేదేం?" అని శ్రీరమ్య కొంగు బిగించింది.

"గాల్లోకి లేస్తే రెండు పేర్లూ కనపడతాయి, ఉండండి," అంటూ చైతన్య విమానాన్ని లేపాడు. చీరాల దాటాక తల్లికి కుడి వైపు, భార్యకు ఎడమ వైపు తిప్పి తిప్పి చూపించాడు. ఆ హడావుడిలో ఎత్తు చూసుకోలేదు. విమానం ముక్కు వంచి సముద్రంలో పడింది.

అత్తాకోడళ్లిద్దరూ తెర ముందు నుంచి రెండడుగులు వెనక్కి జరిగారు.

"అమ్మాయ్," అంది సుబ్బరావమ్మ మెల్లగా, "ఆ విమానం నీదేనే. ముందు రాసింది నీ పేరే."

"అయ్యో, పెద్దవాళ్లు మీరుండగా నాదెలా అవుతుంది అత్తయ్యా? మీదే!"

"స్టేటస్‌లో ఉన్నది ఎవరి పేరు?"

స్టేటస్ తీసెయ్యడానికి శ్రీరమ్య ఫోన్ కోసం పరిగెత్తింది. సుబ్బరావమ్మ సంచీ మూలకు విసిరి, "ముందు నా పేరు చెరిపెయ్యరా, అపశకునం!" అని అరిచి, కూలీలను కేకేసుకుంటూ చేలోకి నడిచింది. చైతన్యకు ప్రాణం లేచొచ్చింది.

మధ్యాహ్నానికి కోత సగమైంది. విమానానికి ఇంటి యజమాని పేరుండటమే పద్ధతని అత్తాకోడళ్లు ఒక్క మాట మీదికొచ్చారు. రెండు వైపులా చైతన్య తండ్రి పేరు, 'ఆదెయ్య' అని పడింది. వసారాలో పేపరు చదువుకుంటున్న ఆదెయ్యను మాత్రం ఎవరూ అడగలేదు.