బోడిగుట్ట మీద ట్రఫుల్

ఆ ఆదివారం ఉదయం ఓరెస్తే వేసుకున్న పథకం చాలా చిన్నది. మధ్యాహ్నం భోజనానికి తూరిన్ నుంచి కాబోయే వియ్యాలవారు వస్తున్నారు. అడవిలో ఓక్ చెట్ల వేళ్ళ దగ్గర మట్టిలో దాగి, కుక్కలు వాసన పడితే తప్ప దొరకని ఖరీదైన పుట్టగొడుగు, తెల్ల ట్రఫుల్ ఒకటి తవ్వి తెచ్చి వాళ్ళ పళ్ళాల్లో తురిమి చల్లాలి. అంతే. నిశ్చితార్థం నాడు వియ్యపురాలు కార్లోత్త, "అవి మా ఊళ్ళో కొట్లలోనే దొరుకుతాయి లెండి" అని మూతి తిప్పిన దగ్గర్నుంచి అతనికి కంటి మీద కునుకు లేదు. ఇవాళ వట్టి చేతులతో వస్తే, తాతలనాటి ట్రఫుల్ వేటగాణ్ణన్న గొప్పంతా తనారో నదిలో కలిసినట్టే.

చిక్కల్లా పొరుగింటి సెకొందోతోనే. ఆ మహానుభావుడు తెల్లారేసరికి కిటికీ చాటున కాపు వేసుంటాడు. చెట్టేదో పొరుగువాడికి తెలిసిందంటే ఆ చెట్టు మీద ఆశ వదులుకోవడమే. అందుకని ఓరెస్తే మంచి కుక్క బిర్బాని ఇంట్లో కట్టేసి, వాసన పట్టడం ఏనాడో మానేసిన ముసలి నినాని వెంటబెట్టుకుని ముందు బోడిగుట్ట ఎక్కాడు. అక్కడ రాళ్ళు తప్ప ఏమీ పుట్టవు. సెకొందోని అక్కడ వదిలించుకుని, వెనక్కొచ్చి, బిర్బాతో అసలు చెట్టుకు వెళ్ళాలని ఎత్తు.

నటనలో మాత్రం లోపం చేయలేదు. మోకాళ్ళ మీద కూలబడి తవ్వాడు. ఒక రాయిని తీసి, ముద్దు పెట్టుకుని, జేబురుమాల్లో చుట్టాడు. నినా యజమాని వంక జాలిగా చూసింది.

పొదల్లోంచి సెకొందో లేచాడు. "ఏరా, కోడిగుడ్డంత ఉందే! ఏదీ, చూడనీ!"

"ఏం లేదురా. ఊరికే గాలికని వచ్చా."

"గాలికొచ్చినవాడు గాలిని మూటగట్టుకుంటాడా? చూపించు!"

"చూపించను."

ఆ ఒక్క మాట చాలింది. సెకొందో వెంటనే బావమరిదికి ఫోన్ చేశాడు. "నా కుక్కని పట్టుకుని బోడిగుట్టకి రా. ఎవరికీ చెప్పకు!" బావమరిది కూడా ఎంతో నిజాయితీగా, ఎవరికీ చెప్పవద్దంటూనే నలుగురికి చెప్పాడు. కాసేపటికి చర్చిలో ఉండాల్సిన మగాళ్ళంతా కుక్కలతో సహా గుట్ట మీదున్నారు. ఫాదరుగారు కూడా వచ్చారు. మందను వెతుక్కుంటూ వచ్చానన్నారు గానీ, చేతిలో పలుగుంది.

ఓరెస్తే మెల్లగా జారుకోబోతే సెకొందో చెయ్యి పట్టుకున్నాడు. "ఎక్కడికిరా? ఇంతకంటే మంచి చోటుందేమిటి?"

ఇప్పుడు కదిలితే ఊరు ఊరంతా వెనకే వస్తుంది. చేసేది లేక అతనూ అందరితోపాటు రాళ్ళు తవ్వుతూ కూర్చున్నాడు. మధ్యాహ్నం గంట మోగేసరికి ఓరెస్తేకి నిజంగానే ఏడుపొచ్చింది. భోజనం వేళకి మాత్రం అందరూ అతణ్ణి తిట్టుకుంటూ ఇళ్ళకు పోయారు.

మట్టి కొట్టుకుపోయి, తల దించుకుని ఇంటికొస్తే గుమ్మంలోనే గుప్పున వాసన! వంటింట్లో భార్య ఇర్మా, వేడివేడి తాజరిన్ సేమ్యా మీద పిడికిలంత ట్రఫుల్‌ని తురుముతోంది.

"ఎక్కడిదే ఇది?" అన్నాడు గొంతు తగ్గించి.

"మగాళ్ళంతా గుట్టెక్కితే అడవిలో మాకు అడ్డెవరయ్యా? బిర్బాని తీసుకుని నేనూ, సెకొందో పెళ్ళాం ఎర్సీలియా వెళ్ళొచ్చాం."

"మన చెట్టు దగ్గరికా? నీకెలా తెలుసు?"

"నీ చెట్టు నువ్వే ఉంచుకో. దాని కింద ఏముంది, నా మొహం! మా ఆడాళ్ళ చోటు వేరే ఉంది."

"ఎక్కడ?"

"అమ్మో, చెప్పకూడదుగా," అంటూ పళ్ళాలు అందుకుంది ఇర్మా.

కార్లోత్త రెండో పళ్ళెం కూడా ఖాళీ చేసి ఓరెస్తే వైపు తిరిగింది. "అన్నయ్యగారూ, ఒప్పుకుంటున్నా. ఇలాంటిది ఏ కొట్లోనూ దొరకదు. ఎక్కడ తవ్వారో కాస్త చెబుదురూ!"

ఓరెస్తే మింగలేక కక్కలేక భార్య వంక చూశాడు. ఆవిడ గిన్నెలో గరిటె తిప్పుకుంటోంది.

"నాకు తెలియదు చెల్లెమ్మా," అన్నాడు.

"చూశారా! ప్రాణం పోయినా చోటు చెప్పరు. అదీ అసలైన వేటగాడంటే!" అని కార్లోత్త చప్పట్లు కొట్టింది.

ట్రఫుల్ విషయంలో ఓరెస్తే నోట వెలువడిన మొట్టమొదటి నిజం అది.